ప్రసూనాంబ గారి పటిక తొట్టి

ఆటో దిగీ దిగగానే ప్రసూనాంబ కంటికి ఆ కొత్త బోర్డు కనిపించింది. ఇన్నేళ్ళూ చిల్లకల్లు దగ్గర హైవే పక్కన ఒకటే గేటు, ఒకటే బోర్డు: ‘ప్రసూనాంబ కెమికల్ వర్క్స్’. ఇప్పుడు ఆ గేటుకి తూర్పుగా ప్రహరీ పగలగొట్టి ఇంకో గేటు పెట్టారు. దాని మీద పచ్చటి అక్షరాలతో ‘న్యూ ప్రసూనాంబ కెమికల్ వర్క్స్’ అని రాయించారు. రాయించినవాడు ఆవిడ చిన్నకొడుకు ప్రద్యుమ్న.

“న్యూ ఏమిట్రా న్యూ? మీ అమ్మని కూడా కొత్తదాన్ని తెచ్చుకున్నావా?”

అక్కడ ప్రద్యుమ్న లేడు. ఆటోవాడున్నాడు. చిల్లర వెనక్కివ్వాలన్న సంగతి కూడా మర్చిపోయి బండి తిప్పుకుని జగ్గయ్యపేట వైపు వెళ్ళిపోయాడు. ప్రసూనాంబ నోటి సంగతి పేటలో తెలియనివాళ్ళు లేరు. కూరల బజారులో ఆవిడ బేరానికి దిగితే పక్క కొట్టువాళ్ళు కూడా తక్కెడలు సరిచూసుకునేవారు. అంత నోరున్న మనిషిని, ఆవిడ పేరు పెట్టుకున్న ఫ్యాక్టరీని పంచుకునేటప్పుడు మాత్రం ముందుగా అడిగినవాడు లేడు. 

ఆ స్థలం ఆవిడది. వత్సవాయిలో ఉండే తండ్రి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చెలక. గులకరాళ్ళు తప్ప గడ్డి కూడా మొలవని నేల. పెళ్ళయి నందిగామ కాపరానికి వెళ్ళినప్పుడు అత్తగారి తరఫు వాళ్ళు ఆ రాళ్ళని చూసి నవ్వుకున్నారు. ఆవిడ భర్త భావనారాయణ నందిగామ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. మనిషి మెత్తన, ఆలోచన మొండి. తొంభై ఒకటిలో ఒకరోజు అన్నం తింటూ తింటూ, ఉద్యోగం మానేసి పటిక చేస్తానన్నాడు. పటికంటే దిష్టికి గుమ్మానికి కట్టేదే అనుకుంది ఆవిడ. కాదట. ఊళ్ళకి నీళ్ళు పంపే ప్రతి ట్యాంకులోనూ బురద కిందికి దిగడానికి పటిక వెయ్యాలట, కాయితం మిల్లులకీ కావాలట. ఎక్కడ పెడతావని అడిగితే, నీ రాళ్ళలో అన్నాడు. ఆ రాత్రి ఆవిడ వంటింట్లో గిన్నెలన్నీ మోగించింది. తెల్లవారేసరికి, సరే ఏడువు, కానీ బోర్డు మీద నా పేరు ఉండాలి, అంది.

అలా మొదలైంది. కాపరం జగ్గయ్యపేటకి మారింది. షెడ్డుకి పడమటి కొసన ఎత్తుగా దిమ్మ కట్టించి, దాని మీద పెద్ద తొట్టి పెట్టారు. లోపలంతా సీసం రేకు తొడిగారు, ఆసిడ్ తినెయ్యకుండా. బాక్సైట్ పొడీ ఆసిడూ అందులో పోసి ఆవిరి పెట్టి ఉడికిస్తే తేనెపాకంలా చిక్కటి ద్రవం తయారవుతుంది. దాన్ని వేడివేడిగా కాలవలోకి వదిలితే, తూర్పు వైపు పల్లంగా కట్టిన గచ్చు మడుల్లోకి పారి, చల్లారి, రాయిలా గట్టిపడుతుంది. గడ్డపారలతో పలకలు పలకలుగా పగలగొట్టి లారీకెత్తడమే. తొట్టి దిమ్మ కట్టిన తాపీమేస్త్రీ చిల్లకల్లు స్తెఫను. పలకలు పగలగొట్టే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద, అతని భార్య ఆరోగ్యమ్మ. ఆరోగ్యమ్మ నోరు కూడా తక్కువదేం కాదు. మొదటి నెలలోనే ప్రసూనాంబకీ ఆమెకీ కూలి దగ్గర పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత ఒకరంటే ఒకరికి గౌరవం కుదిరింది.

మొదటి పలకలు పట్టుకుని మున్సిపాలిటీల చుట్టూ తిరిగింది భావనారాయణ కాదు. ఆయనకి అడగడం చేతకాదు. ప్రసూనాంబే సంచిలో పటిక ముక్కా, సీసాలో బురద నీళ్ళూ పెట్టుకుని బస్సులెక్కింది. ఆఫీసర్ల బల్లల మీద సీసా పెట్టి, ముక్క అందులో తిప్పి, కాసేపు కూర్చుని నీళ్ళెలా తేరుకుంటాయో చూడండి బాబూ అనేది. వాళ్ళకి తీరిక లేకపోయినా కూర్చోబెట్టేది. నీళ్ళు తేరుకునేదాకా లేచేది కాదు. ఆర్డర్లు అలా వచ్చాయి.

ఒకసారి వానాకాలంలో కరెంటు పోయింది. తొట్టి నిండా సగం ఉడికిన పాకం ఉంది, మడుల్లోకి వదలడానికి లేదు. బాయిలర్‌కి నీళ్ళు తోడే మోటారు ఆగింది, ఆవిరి ఆగింది. ద్రవం చల్లారిందంటే తొట్టిలోనే బండ కడుతుంది. ఇంక ఆ తొట్టి పనికిరాదు. వేడినీళ్ళు పోసి పల్చన చెయ్యడమొక్కటే దారని భావనారాయణ అన్నాడు. షెడ్డు బయట రాళ్ళ పొయ్యిలు పెట్టారు. ప్రసూనాంబా ఆరోగ్యమ్మా కొబ్బరిమట్టలు ఎగదోస్తుంటే, కాలేజీ చదువుల్లో ఉన్న కొడుకులిద్దరూ, పెద్దవాడు దత్తాత్రేయా చిన్నవాడు ప్రద్యుమ్నా, ఇంటి నుంచి తెచ్చిన రాగి గంగాళం చెరో చెవీ పట్టుకుని దిమ్మ మెట్లెక్కి నీళ్ళు పోశారు. ఎన్ని సార్లు ఎక్కారో ఎవరూ లెక్కపెట్టలేదు. మధ్యలో నీళ్ళు తొణికి ప్రద్యుమ్న పాదం బొబ్బలెక్కితే, దత్తాత్రేయ గంగాళం దించి తమ్ముణ్ణి భుజాన వేసుకుని డాక్టరు కోసం రోడ్డెక్కాడు. తొట్టి బతికింది. ఆ పూట భావనారాయణ తొట్టి గోడ మీద చెయ్యి వేసి, ఇది ఉన్నంతకాలం మీకు బెంగలేదురా అన్నాడు. పెద్దగా మాట్లాడని మనిషి అన్న ఆ ఒక్క మాటా ప్రసూనాంబ గుండెలో పాతుకుపోయింది.

ఆయన గుండెపోటుతో పోయాక నాలుగేళ్ళు బాగానే గడిచాయి. దత్తాత్రేయ తొట్టి దగ్గర, ప్రద్యుమ్న అమ్మకాల దగ్గర. తర్వాతే పురుగు పట్టింది. నేను ఉడికించకపోతే వాడేం అమ్ముతాడని పెద్దవాడు. నేను అమ్మకపోతే వాడు ఉడికించి ఏం చేసుకుంటాడని చిన్నవాడు. ఇద్దరి మాటా నిజమే. అందుకని కలిసి ఉండాలని కదా అర్థం? ఆ మాత్రం ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. అన్నదమ్ములు ఒక షెడ్డులో ఉండి మాట్లాడుకోవడం మానేశారు. ఏదన్నా చెప్పాలంటే ఆరోగ్యమ్మతో చెప్పించేవారు. ఆవిడ రెండు రోజులు మోసి, మీ నోళ్ళకేమైంది బాబూ అని మానేసింది.

పంపకాలకి పెద్దమనిషిగా ప్రసూనాంబ తమ్ముడే వచ్చాడు, వరప్రసాదరావు. వత్సవాయి చుట్టుపక్కల ఎన్ని పొలాలు పంచాడో, ఎన్ని గట్లు వేయించాడో. మాగాణి ఎలా పంచుతారో ఫ్యాక్టరీనీ అలాగే పంచాడు మహానుభావుడు. టేపు పట్టించి, స్థలాన్ని మధ్యకి కొలిపించి, పెద్దవాడు గీత గియ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి, మన ఇళ్ళల్లో పద్ధతి ఇదే అన్నాడు. దత్తాత్రేయ షెడ్డు నడిమికి గీత గీశాడు. పడమర తొట్టి, బాయిలర్. తూర్పున గచ్చు మడులు, గోడౌను, బోరు. ప్రద్యుమ్న తూర్పు కోరుకున్నాడు. మడుల్లేకుండా అన్న ఎక్కడ పోస్తాడో చూస్తానని వాడి ధీమా. తొట్టి లేకుండా తమ్ముడు ఏం పోసుకుంటాడో చూస్తానని వీడి ధీమా. ఎవరికి వాళ్ళు, రెండోవాడు వచ్చి కాళ్ళు పట్టుకుంటాడని లోలోపల లెక్కలేసుకున్నారు.

ప్రసూనాంబ ఆ రోజు నిప్పులు చెరిగింది. ఫ్యాక్టరీ ఏమన్నా జొన్నచేనా, సగం కొలిచి గట్టు వెయ్యడానికి, అంది. వరప్రసాదరావు ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి నచ్చచెప్పాడు. ఒప్పుకోకపోతే కుర్రాళ్ళు కోర్టుకెళ్తారు అక్కయ్యా, తాళాలు పడతాయి, బావ కట్టిన తొట్టి తుప్పట్టిపోతుంది అన్నాడు. తొట్టి మాట ఎత్తేసరికి ఆవిడ తగ్గింది. ఒక్క షరతు పెట్టింది. గోడ కడితే కట్టుకోండి, కాలవ దగ్గర మాత్రం కన్నం వదలాలి. పెద్దవాడు ఉడికించింది చిన్నవాడి మడుల్లోకి పారాలి, చిన్నవాడి బోరు నీళ్ళు పెద్దవాడి బాయిలర్‌కి రావాలి. అందరూ తలూపారు. కొడుకులూ తలూపారు.

ఇదిగో, ఆ గోడే ఇవాళ పూర్తవుతోంది. మూఢం రాకముందే ముగించాలని వరప్రసాదరావు తొందరపెట్టాడు. ఉమ్మడిగా ఆఖరి వంట ఉడికించి, మడుల్లోకి వదిలి, ఆ తర్వాత వేరుపడాలనుకున్నారు. విశాఖ నుంచి రావలసిన ఆసిడ్ ట్యాంకరు ఆలస్యమైంది. వంట ఇవాళ తెల్లవారుజామున తయారైంది.

ప్రసూనాంబ పాత గేటులోంచి షెడ్డులోకి నడిచింది. తొట్టి మీద ఆవిరి పల్చగా లేస్తోంది. బాయిలర్ చప్పుడు లేదు. కాలవ గోడని తాకే చోట తడి సిమెంటు నల్లగా మెరుస్తోంది. కన్నం లేదు. స్తెఫను తాపీ పక్కన పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు.

“ఎవరు మూయమన్నారు?”

“వాస్తు చూసే ఆయనంటండి. ఒకరి నీళ్ళు ఇంకొకరి జాగాలోకి పారకూడదన్నారంటండి,” అన్నాడు స్తెఫను. “మీకు చెప్పారేమో అనుకున్నానండి.”

తనకెవరు చెబుతారు? ప్రసూనాంబకి అరికాలి మంట నెత్తికెక్కింది. దత్తాత్రేయ తొట్టి దిమ్మ మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాయిలర్ ఎందుకు ఆగిందని అడిగితే, చిన్నవాడు బోరు స్విచ్చికి తాళం వేశాడని చెప్పాడు. తాళం తియ్యమని అడగరా అంటే, వాస్తు మాట విని కాలవ మూయించింది నేనే, తెరవాలంటే వాడే వచ్చి నన్ను అడగాలి అన్నాడు. తొట్టి ఏమైపోతుందో నీకు తెలుసు కదా అంటే, తెలుసు అన్నాడు. ఆ ‘తెలుసు’ అన్న తీరుకి ఆవిడకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

మామూలుగా అయితే షెడ్డులో పది అడుగులు వేస్తే తూర్పు కొస. ఇప్పుడు గోడ. ఎండలో బయటికి నడిచి, హైవే మీద లారీల దుమ్ములో చుట్టూ తిరిగి, ఆ ‘న్యూ’ బోర్డు కింది నుంచి లోపలికి వెళ్ళింది. ఖాళీ మడుల గట్టు మీద ఆరోగ్యమ్మ ముఠా గడ్డపారలు పక్కన పెట్టుకుని కూర్చుంది. ప్రద్యుమ్న గోడౌను ముందు కుర్చీలో ఉన్నాడు. వాడిదీ అదే పాట. నేను తాళం తీస్తాను, నాకేం అభ్యంతరం లేదు, అన్నయ్యని వచ్చి ఒక్క మాట అడగమను. ఆవిడ మళ్ళీ రోడ్డెక్కి చుట్టూ తిరిగి పెద్దవాడి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ చిన్నవాడి దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు పీకుతున్నాయి, నోరు ఎండిపోయింది. కన్నతల్లిని హైవే మీద బంతిలా అటూ ఇటూ తన్నుతున్నారన్న సంగతి ఇద్దరు గాడిదలకీ తట్టలేదు.

ఆఖరికి ఆవిడ పడమటి వైపుకి తిరిగొచ్చి, స్తెఫను పనిముట్లలోంచి గడ్డపార లాక్కుంది. గోడ దగ్గరికి వెళ్ళి ఎత్తింది. అప్పుడే వచ్చాడు వరప్రసాదరావు, తెల్ల పంచె ఎగ్గట్టుకుని, వద్దు వద్దు అంటూ. కట్టిన రోజే గోడ పగలగొడితే అరిష్టమట, పిల్లలకి మంచిది కాదట.

ప్రసూనాంబ గడ్డపార ఎత్తినచోటే ఆపింది. అరిష్టానికి భయపడి కాదు. ఇవాళ నేను పగలగొడతాను. పాకం పారుతుంది. రేపు మళ్ళీ మూస్తారు. ఎల్లుండి మళ్ళీ నేనే రావాలి. నేను పోయాక? ఎవడొస్తాడు? ఆవిడ గడ్డపార కింద పడేసింది. అది గచ్చు మీద పడి ఖణేల్మని మోగింది.

“ఆరోగ్యం! మన గంగాళం ఎక్కడుందే?”

గోడ అవతలున్న ఆరోగ్యమ్మ దాన్ని గోడౌనులోంచి తీసి రోడ్డు మీదుగా తెచ్చింది. రాగి నల్లబడిపోయింది, చెవులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ప్రసూనాంబ దాన్ని తొట్టి దిమ్మ కింద పెట్టించింది. చుట్టూ కుర్చీలు వేయించింది. చిన్నవాణ్ణి రమ్మని ఆరోగ్యమ్మని పంపింది. అమ్మ పిలుస్తోందంటే రాక తప్పలేదు వాడికి. పెద్దవాణ్ణి దిమ్మ దిగమంది. వరప్రసాదరావుని కూడా కూర్చోమంది. ముగ్గురూ కూర్చున్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

“తాళం తియ్యమని నేను అడగను. కాలవ తెరవమని అడగను. అదిగో గంగాళం, చెరో చెవీ పడితే గానీ లేవదు. డ్రమ్ముల్లో నీళ్ళున్నాయి, కాచి పోస్తే తొట్టి దక్కుతుంది. ఎత్తేవాళ్ళు ఎత్తండి. లేకపోతే మీ నాన్న తొట్టి గడ్డకడుతుంటే చూస్తూ కూర్చోండి. ఒక్కడు లేచి వెళ్ళిపోయినా నేను చచ్చినంత ఒట్టు.”

ఆ తర్వాత ఆవిడ నోరు విప్పలేదు. ఆవిడ అరిస్తే అందరికీ అలవాటే. ఆవిడ మాట్లాడకుండా కూర్చోవడం ఎవరూ ఎరగరు. మడుల దగ్గరి ఆడవాళ్ళు రోడ్డు మీదుగా వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. స్తెఫను దిమ్మెక్కి, పాకాన్ని కలియబెట్టే టేకు తెడ్డు పట్టుకుని అప్పుడప్పుడూ తిప్పుతున్నాడు. మొదట సులువుగా తిరిగింది. మధ్యాహ్నానికి పైన తెల్లటి పొర కట్టింది. దాన్ని చీల్చుకుని తిప్పాడు. ఇంకాసేపటికి రెండు చేతులూ పెట్టి తిప్పాడు. తర్వాత ఒళ్ళంతా వంచి తిప్పాడు. తెడ్డు గీసుకుంటున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

దత్తాత్రేయ మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ప్రద్యుమ్న చెప్పు విడిచి, పాత మచ్చ ఉన్న పాదం మీద రెండో పాదం పెట్టుకున్నాడు. ఒకసారి వాడి చెయ్యి గంగాళం వైపు కదిలింది. దత్తాత్రేయ తలెత్తి చూశాడు. అన్న చూస్తున్నాడని తెలిసి ప్రద్యుమ్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్రసూనాంబ అది కళ్ళారా చూసింది. లేచి కేక వెయ్యాలనిపించింది, ఎత్తరా నాన్నా అని.  పళ్ళు బిగించుకుని కూర్చుంది.

పొద్దు వాలేవేళకి స్తెఫను తెడ్డు వదిలేసి దిమ్మ దిగాడు. తెడ్డు తొట్టి మధ్యలో నిటారుగా నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోకుండానే.

ప్రసూనాంబ లేచింది. తమ్ముడి చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న కొలత టేపు తీసి వాడి చేతిలోనే పెట్టింది.

“ఎక్కు తమ్ముడూ. దీన్ని కూడా కొలిచి మధ్యకి గీత గియ్యి. పెద్దవాడు గీస్తే చిన్నవాడు కోరుకుంటాడు. మీ పద్ధతి కదా!”

వరప్రసాదరావు టేపు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషికి పంచడం చేతకాలేదు.

తర్వాత దత్తాత్రేయ మనుషుల్ని పెట్టి ఆ బండని పగలగొట్టించాలని చూశాడు. ఒక మూల గడ్డపార దిగేసరికి లోపలి సీసం రేకు చిరిగింది. సీసం చిరిగిన తొట్టిలో ఆసిడ్ నిలవదు. అంతటితో అయిపోయింది. మడులు ఎండకి బీటలు తీశాయి. దత్తాత్రేయ హైదరాబాదు అవతల ఎవరిదో కంపెనీలో మేనేజరుగా చేరాడు, ఎవరి తొట్టో ఉడికిస్తున్నాడు. ప్రద్యుమ్న విజయవాడలో ఎవరి సరుకో అమ్ముతున్నాడు. ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటాని సిమెంటు లారీలవాడికి ఇచ్చేశారు. రెండు బోర్డులూ రంగు వెలిశాయి.

ఆ ఏడే మూఢం వెళ్ళాక వరప్రసాదరావు మళ్ళీ వచ్చాడు, ఇంకో పంపకం మిగిలిపోయిందని. అక్కయ్య ఆర్నెల్లు పెద్దవాడి దగ్గరా ఆర్నెల్లు చిన్నవాడి దగ్గరా ఉండాలట. ఎవరి వంతు ముందో తేల్చాలట. ప్రసూనాంబ గుమ్మం దగ్గరే ఆపేసింది. నేను ఎవరి వాటాలోనూ లేను, వచ్చిన దారినే వెళ్ళు అంది. నాలుగు రోజుల్లో జగ్గయ్యపేట ఇల్లు ఖాళీ చేసి, ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కాపరం పెట్టింది. తన రాళ్ళు, తన స్థలం. స్తెఫనుని పిలిచి ముందుగా గోడ తీయించింది. ఆ పనికి మాత్రం వాస్తు చూపించలేదు.

ఏటా వానలు పడి కుళాయిల్లో ఎర్రనీళ్ళు మొదలైతే చిల్లకల్లు ఆడవాళ్ళు, హైవే మీద హోటళ్ళవాళ్ళు, అటు చందర్లపాడు దాకా తెలిసినవాళ్ళు వస్తారు. ఆరోగ్యమ్మ చిన్న సుత్తీ ఉలీ పట్టుకుని దిమ్మెక్కుతుంది. అడిగినవాళ్ళకి అడిగినంత ముక్క. తొట్టిలోని బండ ఏడాదికేడాదీ కాస్త కాస్త తరుగుతోంది. మధ్యలో టేకు తెడ్డు ఇంకా నిలబడే ఉంది.

మొన్నటి వానాకాలంలో, రెండు వేల ఎనిమిదిలో, ప్రద్యుమ్న కారేసుకుని వచ్చాడు. విజయవాడలో వాళ్ళ అపార్టుమెంటుకి బురద నీళ్ళొస్తున్నాయట. పిల్లలకి పడటం లేదట. బజారులో దొరికేది మంచిది కాదు, నాన్న పటిక ఒక ముక్క ఇస్తే సంపులో వేసుకుంటా అమ్మా అన్నాడు. మనిషి చిక్కాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ప్రసూనాంబ వాడికి అన్నం పెట్టింది. వాడికి ఇష్టమని దోసకాయ పప్పుకి మళ్ళీ పోపు పెట్టింది. పిల్లల సంగతులు అడిగింది. తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. లేచి చెయ్యి కడుక్కుని వాడు తొట్టి వైపు చూస్తే మాత్రం లేదంది.

 ఊళ్ళోవాళ్ళందరికీ ఇస్తున్నావట కదా అన్నాడు వాడు. ఆవిడ వాడి కంచం తీసింది. కారు రోడ్డెక్కి నందిగామ వైపు తిరిగి వెళ్ళిపోయింది.

ఆరోగ్యమ్మకి మనసాగలేదు. సుత్తి చేతిలోనే ఉంది.

“ఇచ్చెయ్యకపోయారా అమ్మగారూ. చిన్న ముక్కేగా. పసిపిల్లల కోసం అడిగాడు పాపం.”

ప్రసూనాంబ దిమ్మ కింద బోర్లించి ఉన్న గంగాళాన్ని వెల్లకిలా తిప్పింది. కొంగుతో ఒక చెవి తుడిచింది, రెండో చెవి తుడిచింది.

“వాడొక్కడే వచ్చాడే,” అంది.